డబ్బా వినపడతలేదు

సాయంత్రం ఆరయ్యేసరికి మా ఇంటి బెల్లు మోగేది. ఆ వేళకి వచ్చే మనిషి ఒక్కరే కాబట్టి ఎవరని అడగకుండానే తలుపు తీసేదాన్ని. చంకలో గొడుగు, నుదుట విభూతి, ముఖం నిండా కొట్లాటకి వచ్చిన హుషారు. చెప్పులు విప్పుతూనే, "ఏంది పంతులమ్మా, ఇయ్యాలన్న దేవుడు ఉన్నడా?" అనేవారు. "నిన్న లేడు, ఇవాళా లేడు. లోపలికి రండి అన్నా," అనేదాన్ని.

ఆయన లక్డీకాపూల్‌లో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు. తాతల నాటి నుంచి హైదరాబాదువాళ్ళు. నాంపల్లిలో మా సందు నుంచి నడిచొచ్చే దూరంలోనే వాళ్ళ ఇల్లు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. మా నాన్న ఉద్యోగం మీద కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు, నేనిక్కడే పుట్టాను. పెళ్ళి చేసుకోలేదు. అదేమీ సిద్ధాంతం కాదు. కుదరాల్సిన రోజుల్లో కుదరలేదు, కుదిరే రోజుల్లో అక్కర్లేదనిపించింది. పంతులమ్మ అంటే చదువు చెప్పే ఆడమనిషి అనే. కానీ దేవుణ్ణి నమ్మనిదాన్ని పట్టుకుని పూజారిని పిలిచినట్టు పిలవడం ఆయనకి సరదా. పిలిచినప్పుడల్లా మీసాల్లో నవ్వుకునేవారు.

మా పరిచయం ఆబిడ్స్‌లో ఒక హాలులో మొదలైంది. ఆ రోజుల్లో ఆదివారం ఆదివారం అక్కడ వాదసభలు పెట్టేవాళ్ళం. జాతకం శాస్త్రమా, మోసమా అన్నది ఆనాటి విషయం. మోసమని నేను మాట్లాడాను. నేను మాట్లాడితే హాలు వెనక బెంచీలవాళ్ళు కూడా నిటారుగా కూర్చునేవారు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, అప్పట్లో నాకు గొంతూ ఉండేది, కోపమూ ఉండేది. అవతలి పక్షాన లేచిన మనిషి ఈయన. చప్పట్లు నాకే పడ్డాయి. సభ అయ్యాక మెట్ల దగ్గర నన్ను ఆపి, "చప్పట్లు నీకే వచ్చినయి, గని నువ్వు చెప్పింది తప్పు. ఎందుకు తప్పో చెప్త, నడువు, చాయ్ తాగుదాం," అన్నారు. ఆ చాయ్ నాటి నుంచి ఆయన నేను తప్పని చెబుతూనే ఉన్నారు.

ఇప్పుడా హాలు లేదు. ఆ స్థలంలో చీరల షోరూం ఉంది. మా పక్షాన కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు. కొందరు చనిపోయారు, కొందరు ఊళ్ళు మారారు. కొందరు గుడి క్యూలలో కనిపిస్తున్నారు. చూసి నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఆ గుంపు మొత్తంలో నాకు మిగిలింది అవతలి పక్షం మనిషి ఒక్కరే.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మేము చాలా వద్దన్నాం. తాయెత్తు వద్దన్నాం, ముహూర్తం వద్దన్నాం, గుడి వద్దన్నాం. అన్నవన్నీ ఇప్పటికీ అంటాను, ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. అయితే గుడికి పోని మనిషి సాయంత్రం ఆరింటికి ఎక్కడికి పోవాలో మేము ఎవరికీ చెప్పలేదు. మాకు హాలు ఉండేది కాబట్టి ఆ ప్రశ్న రాలేదు. మా అంతస్తులోనే ఎదురింట్లో ఒకావిడ ఉంటుంది. వాళ్ళాయనకి బేగం బజార్‌లో మసాలా దినుసుల దుకాణం. ఆవిడ ఒకరోజు కూరగాయలు చేతిలో పట్టుకుని, ఏ వాదమూ చేసే ఉద్దేశం లేకుండా, "గుడికన్న వస్తుండున్రి మేడమ్. మొక్కకపోతే మానె, నలుగురు మనుషులు కనపడతరు గదా," అంది. నాకు వ్యతిరేకంగా ఇంతకాలంలో విన్న వాదనలన్నిటిలో జవాబు దొరకనిది అదొక్కటే. ఆవిడకి ఆ సంగతి తెలియదు. బెండకాయలు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అందుకే ఆరింటి బెల్లు నాకు ముఖ్యం. ఆయన వచ్చేవారు. టీవీలో ఏదో ఒక వార్తల చానల్‌లో చర్చ నడుస్తూ ఉండేది. ఒక స్వామీజీ, ఒక డాక్టరు, ఒక జ్యోతిష్కుడు, అందరినీ ఒకేసారి అరిపించే యాంకరు. దాన్ని కాసేపు చూసి, నోరు నొక్కేసి, అసలు చర్చ మేము మొదలుపెట్టేవాళ్ళం. ఆయన లేచేటప్పటికి ఇద్దరికీ గొంతు బొంగురుపోయేది. "మా ఇంటామె అంటది, ఆడనే కొట్లాడి రా, ఇంట్ల ప్రశాంతంగుంటవు అని," అంటూ గొడుగు తీసుకునేవారు.

అలాంటి మనిషి రావడం తగ్గించారు. మొదట మోకాలు నొప్పి అన్నారు. తరువాత వాన. ఆ తరువాత ఇంట్లో చుట్టాలు. చుట్టాలు అంతకాలం ఉండరు. ఆరింటికి నేను తలుపు వైపు చూడటం, చూస్తున్నానని నాకే తెలిసి పేపరు తీసుకోవడం, అదే పేజీ మళ్ళీ చదవడం అలవాటైపోయింది. రోజంతా ఎవరితోనూ మాట్లాడక, పాలవాడితో "రేపు అరలీటరు చాలు" అన్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించిన రోజులున్నాయి. చివరికి ఫోన్ చేసి నిలదీశాను.

"నిజం చెప్పండి అన్నా. కోపమా?"

"కోపమెందుకుంటది?"

"మరి?"

ఆయన ఫోన్ చెవికి గట్టిగా ఒత్తుకుంటారనుకుంటాను, ఊపిరి కూడా వినిపిస్తుంది. "ఏం చెప్పాలె పంతులమ్మా. ఆడ కూసుంటే డబ్బా వినపడతలేదు. ఊకె వచ్చి బొమ్మ లెక్క కూసునుడు ఎందుకని," అన్నారు. ఇంట్లో ఎవరో పిలిచారని పెట్టేశారు.

నా ప్రాణం లేచొచ్చింది. ఇంతేనా! ఇది కోపం కాదు, విసుగు కాదు, చావు కాదు. ఇది ధ్వనికి సంబంధించిన సమస్య. నా సబ్జెక్టు.

మా ఊళ్ళో సెట్‌టాప్ బాక్సుని అందరూ డబ్బా అనే అంటారు. డబ్బా పనిచేయట్లేదు, డబ్బా రీచార్జి అయిపోయింది. కారణం ఆలోచించాను. నా టీవీ పలచటిది, దాని స్పీకర్లు వెనకవైపు గోడకి తిరిగి ఉన్నాయి. అందులోనూ ఆ చర్చల్లో ఒకరి మాట మీద ఇంకొకరి మాట, కింద డప్పుల సంగీతం. వయసు మీదపడ్డ చెవి అందులోంచి మాటని ఏరుకోలేదు. చెవికి మిషన్ పెట్టుకోమని అంతకుముందే చెప్పి చూశాను. ఒకసారి పెట్టుకున్నారట. "చెవిల ఈగ దూరినట్టే ఉంది" అని తీసి డ్రాయర్లో పడేశారు. ఆ విషయం మళ్ళీ ఎత్తితే గొడుగు తీసుకుంటారు. కాబట్టి చెవిని వదిలేసి మాటనే బాగుచేయాలనుకున్నాను.

ఆబిడ్స్‌లో ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ దుకాణానికి వెళ్ళాను. సేల్స్‌మన్ నన్ను చీకటి గదిలో సోఫాలో కూర్చోబెట్టి ఉరుములు వినిపించాడు. తరువాత హెలికాప్టరు. అది నా తల వెనక నుంచి వచ్చి ముందుకు పోయింది.

"మాటలు వినిపించండి," అన్నాను.

"మాటలకెవరు కొంటరు మేడమ్? ఇగో, ఈ ఫైటింగ్ సూడున్రి, సోఫా కదుల్తది."

"సోఫా కదలక్కర్లేదు. మనిషి మాట్లాడితే తెలియాలి."

అతను నన్ను జాలిగా చూశాడు. తరువాత సోఫా చుట్టూ పెట్టిన అయిదు స్పీకర్లలో అడ్డంగా పొడుగ్గా ఉన్న ఒకదాన్ని చూపించి, "గిది సెంటర్ స్పీకర్ మేడమ్. డైలాగులు మొత్తం గీడికెల్లే వస్తయి. వేరే పని లేదు దీనికి," అన్నాడు. మాట కోసమే ఒక స్పీకరు! ఉరుములకి వేరు, పాటలకి వేరు, మనిషి చెప్పేదానికి మాత్రం నడిమధ్యన ఒక స్థానం. ఎవరో తెలివైనవాళ్ళు ఆలోచించి చేసిన పని. దానికోసమే మొత్తం కొన్నాను.

బిగించడానికి మనిషి వారం తరువాత వస్తాడన్నారు. వారం ఆగే ఓపిక నాకు లేదు. ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చి హాలంతా పరిచాను. సెట్‌టాప్ బాక్సు వెనక ఒక పెద్ద తీగ ఉంది, అది టీవీకి పోతుంది, బొమ్మా ధ్వనీ రెండూ అందులోనే. పక్కనే తలుపున్న చిన్న చదరపు రంధ్రం. ధ్వనిని విడిగా సౌండ్ సిస్టమ్‌కి పంపాలంటే అందులో ఆప్టికల్ కేబుల్ పెట్టాలని పుస్తకంలో ఉంది. అట్టపెట్టెలో అన్నీ ఉన్నాయి, అదొక్కటే లేదు.

మళ్ళీ ఆబిడ్స్. ఒక దుకాణం ముందు నిలబడి, "ఆప్టికల్ ఉందా?" అని అడిగాను. "ఎదురుంగనే మేడమ్, గల్లీ మొదట్ల," అని చెయ్యి చూపించాడు. ట్రాఫిక్‌లో ప్రాణాలకి తెగించి రోడ్డు దాటి లోపలికి వెళ్ళాను. చల్లని ఏసీ, చుట్టూ అద్దాలు. కౌంటర్లో మనిషి నా కళ్ళజోడు చూసి గౌరవంగా, "పవర్ ఎంత మేడమ్?" అన్నాడు. కళ్ళజోళ్ళ దుకాణం! నవ్వొచ్చింది. బయటికి వచ్చాక ఈ సంగతి సాయంత్రం ఆయనకి చెప్పాలనుకున్నాను. ఆ వెంటనే, సాయంత్రం ఆయన రారు కదా అని గుర్తొచ్చింది. మంచి హాస్యం ఒకటి చేతిలో పట్టుకుని, ఇవ్వడానికి మనిషి లేక, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద జనం మధ్య నిలబడ్డాను.

చివరికి కోఠీ వైపు ఒక సందులో దొరికింది. నల్లటి సన్నటి తీగ. సెట్‌టాప్ బాక్సుకి పెట్టి చూస్తే రెండో కొసలో ఎర్రటి చుక్క వెలిగింది. కాంతి. మాటలన్నీ కాంతిగా మారి ఆ తీగలోంచి పోతాయి. గాజులో కాంతి బయటికి పోకుండా లోపలే ఎగిరెగిరి ఎలా ప్రయాణిస్తుందో బోర్డు మీద బొమ్మ గీసి పిల్లలకి ఎన్ని ఏళ్ళు చెప్పానో! చేత్తో పట్టుకుని చూడటం అదే మొదలు. కాసేపు ఆ ఎర్రచుక్కని అరచేతిలో వేసుకుని కూర్చున్నాను.

కలిపాను. ఏ శబ్దమూ లేదు. సౌండ్ సిస్టమ్ ఎక్కడి నుంచి వినాలో దానికి రిమోట్‌తో చెప్పాలట. చెప్పాను. వచ్చింది, కానీ ముందున్న రెండు స్పీకర్లలోనే. మాటల స్పీకరు మూగగా ఉంది. సెట్‌టాప్ బాక్సు మెనూలోకి వెళ్ళి, సౌండ్ అన్నచోట ఉన్నవన్నీ ఒక్కొక్కటే మార్చి చూశాను. లాభం లేదు. వార్తల చానళ్ళు ధ్వనిని కుడి ఎడమలుగా రెండు పాయలుగానే పంపుతాయనీ, వాటిని అయిదుగా విడగొట్టమని ఇటు సౌండ్ సిస్టమ్‌లో చెప్పాలనీ తెలియడానికి ఒక పూట పట్టింది. ఆ బటన్ నొక్కగానే యాంకరు గొంతు టీవీ కింద నుంచి, నా ఎదురుగా నిలబడి మాట్లాడినట్టు వచ్చింది. ప్రతి అక్షరం. ఎవరూ లేని గదిలో చప్పట్లు కొట్టాను.

స్పీకర్లతో పాటు వచ్చిన, ఉరుముల్లాంటి మోత కోసం ఉన్న బరువైన బాసు పెట్టెని కావాలనే ఈశాన్యం మూలన పెట్టాను. ఈశాన్యంలో బరువు పెట్టకూడదని లోకమంతా అంటుంది కాబట్టి. రెండు గోడలు కలిసేచోట పెడితే బాసు ఉబ్బిపోతుంది, మాటని మింగేస్తుంది. అది వాస్తు కాదు, ధ్వని. తప్పక బయటికి లాగాను. లాగుతుంటే చప్పుడుకి ఎదురింటావిడ వచ్చింది.

"మంచిపని చేసిన్రు మేడమ్. ఈశాన్యం ఖాళీ చేసిన్రు."

"వాస్తు కోసం కాదండీ. మూలన పెడితే తరంగాలు గోడలకి కొట్టుకుని..."

"ఔ ఔ. ఎట్లయితేంది, ఆయనే చేయించిండు," అని పైకి చూసి దండం పెట్టుకుంది. వాదనలో ఓడిపోవడం నాకు తెలుసు. వాదించకుండానే ఓడిపోవడం మాత్రం కొత్త.

పుస్తకంలో ఒక పటం ఉంది. గది, ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు, మధ్యలో ఒక కుర్చీ. వినేవారు ఇక్కడ కూర్చోవాలి అని బాణం గుర్తు. ఆయన కుర్చీని సరిగ్గా అక్కడికి జరిపాను. వెనక స్పీకర్లని ఆయన చెవుల ఎత్తుకి స్టూళ్ళ మీద పెట్టాను. నా కుర్చీ ఎడమపక్క గోడ దగ్గర ఎప్పుడూ ఉండేచోటే ఉంది. పటంలో రెండో కుర్చీ లేదు. ఈ పెట్టెలు తయారుచేసినవాళ్ళు ఒక్క మనిషిని ఊహించుకున్నారు, చుట్టూ అయిదు నోళ్ళు, మధ్యలో ఒకే ఒక శ్రోత.

పరీక్ష కోసం ఒక బటన్ ఉంటుంది. నొక్కితే ఒక్కొక్క స్పీకరు నుంచి వరసగా 'ష్' అని శబ్దం వస్తుంది. ఆయన కుర్చీలో కూర్చుని నొక్కాను. ఎడమ నుంచి వచ్చింది, ఎదుటి నుంచి వచ్చింది, కుడి నుంచి, తరువాత నా వెనక నుంచి, మళ్ళీ ఎడమ నుంచి. వాన దూరం నుంచి వచ్చి ఇంటి చుట్టూ తిరిగినట్టు ఆ శబ్దం నా చుట్టూ తిరిగింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆపేయొచ్చు. ఆపలేదు. ఎవరో గదిలో ఇటూ అటూ నడుస్తున్నట్టుంది. కళ్ళు మూసుకుని చాలాసేపు అలాగే విన్నాను.

మర్నాడు ఫోన్ చేశాను. "అన్నా, డబ్బా బాగయింది. వచ్చి చూడండి."

"ఏం బాగైంది?"

"రండి, చెబుతాను."

ఆరింటికి బెల్లు మోగింది. గొడుగు ఉంది, విభూతి ఉంది. గదిలో నిలబడి అయిదు స్పీకర్లనీ చూసి, "ఇదేంది పంతులమ్మా, సభ పెట్టినవా?" అన్నారు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మధ్య కుర్చీలో కూర్చోబెట్టాను. టీవీ పెట్టాను. ఉంగరంలో రాయి మారిస్తే అప్పులు తీరతాయని ఒకాయన చెబుతున్నాడు, ఒక డాక్టరమ్మ కాదంటోంది. మాటలు గదిలో ముత్యాల్లా పడుతున్నాయి. ఆయన తలాడించారు. "మస్తుగుంది," అన్నారు. నేను గెలిచాననుకున్నాను.

నా కుర్చీలో కూర్చుని మొదలుపెట్టాను. "చూశారా అన్నా, రాయికి బుద్ధి ఉందంటున్నాడు, మనిషికి లేదంటున్నాడు."

"ఔ," అన్నారు.

నాకు హుషారొచ్చింది. "అప్పు తీరాలంటే జీతం పెరగాలి. రాయికీ జీతానికీ ఏమిటి సంబంధం?"

"ఔ, ఔ."

లేచి వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "చాయ్ పెట్టనా, కాఫీ పెట్టనా?" అని అడిగాను.

టీవీ వైపే చూస్తూ, "ఔ," అన్నారు.

నేను అక్కడే ఆగిపోయాను. వచ్చి టీవీ నోరు నొక్కాను. ఆయన ఎదురుగా నిలబడి, "అన్నా, నేనేమడిగాను?" అన్నాను. ఆయన నా కళ్ళలోకి చూడలేదు. నా పెదాల వైపు చూస్తున్నారు. దొంగతనం దొరికిపోయిన పిల్లవాడిలా మీసాలు తడుముకున్నారు.

"నేను చెప్పలేదా, డబ్బా వినపడతలేదని," అన్నారు.

"అందుకే కదా ఇదంతా! ఇప్పుడు వినపడుతోందిగా?"

ఈసారి విన్నారు, ఎదురుగా గట్టిగా అరిచాను కాబట్టి. విని, మొదట అర్థం కాక, తరువాత అర్థమై, కుర్చీ కదిలేలా నవ్వారు. "గా డబ్బా కాదు పంతులమ్మా! నీ డబ్బా! నీ డబ్బా వినపడతలేదు. టీవీ సూసుటానికి ఈడిదాక రావాల్నా, మా ఇంట్ల రెండున్నయి!"

డబ్బా కొట్టుకోవడం అంటే తన గొప్ప తాను చెప్పుకోవడమని తెలుగు తెలిసిన వాళ్ళందరికీ తెలుసు. ఆబిడ్స్ హాలు రోజుల్లో నేను వేదిక దిగగానే, "అయిపోయిందా నీ డబ్బా?" అని అడిగింది ఈ మనిషే. మనిషికీ మనిషికీ మధ్య ఉన్న మాటని నేను ఒక ప్లాస్టిక్ పెట్టె అనుకున్నాను. కారణం వెతికాను, పరికరం తెచ్చాను, కాంతిని తీగలో నడిపించాను. అన్నీ సరైన అడుగులే, మొదటిది తప్ప.

నాకు నవ్వు రాలేదు. నాకు గుర్తొస్తున్నవి ఆ 'ఔ'లు. రావడం తగ్గించకముందు కొన్ని నెలలుగా ఆయన నాతో వాదించడం తగ్గించారు. నేను ఏదంటే దానికి ఔ అనేవారు. మనిషి మెత్తబడుతున్నాడనుకున్నాను. ఇంతకాలం చెప్పింది చివరికి లోపలికి దిగుతోందనుకున్నాను. ఆయన వెళ్ళిపోయాక ఆ 'ఔ'లని తలుచుకుని ఒక్కదాన్నే సంతోషపడ్డాను. ఆయనకి వినపడలేదు, అంతే. ఆ నెలలన్నీ ఈ గదిలో ఒక మనిషి ఏమీ వినకుండా మర్యాదకి తలాడిస్తూ కూర్చుంటే, ఇంకో మనిషి గోడకి చెప్పుకుంది. ఇద్దరం ఒకరి ఎదుట ఒకరం విడివిడిగా ఒంటరిగా ఉన్నాం.

"ఏ చెవి నయం?" అని అడిగాను. అర్థం కాలేదు. నా చెవి పట్టుకుని చూపించాను. కుడిది చూపించారు. నేను కూర్చునేది ఎప్పుడూ ఎడమపక్క.

సిస్టమ్ ఆపేశాను. వెనకున్న కుడి స్పీకరుని స్టూలు మీద నుంచి తీసి నేల మీద పెట్టి, నా కుర్చీని ఈడ్చుకొచ్చి అక్కడ వేశాను. మోకాళ్ళు తగిలేంత దగ్గర. మా ఇద్దరికీ కాస్త సిగ్గేసింది. ఇంతకాలంలో ఎప్పుడూ అంత దగ్గరగా కూర్చోలేదు, వాదించుకునేవాళ్ళకి మధ్యలో దూరం కావాలి.

"ఇకనుంచి ఔ అనొద్దు," అన్నాను ఆయన కుడిచెవిలో. "పూర్వపక్షం చెప్పాలి."

ఆయన కళ్ళు వెలిగాయి. అది పాత వాదసభల నియమం. ఎదుటివాళ్ళ మాటని ఖండించేముందు, వాళ్ళేమన్నారో వాళ్ళే ఒప్పుకునేటట్టు తిరిగి చెప్పాలి. అలా చెప్పలేనివాళ్ళకి జవాబిచ్చే హక్కు లేదు. "సరే, చెప్పు," అని నిటారుగా కూర్చున్నారు.

"భయం లేకపోతే దేవుడు లేడు," అన్నాను.

ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించారు. తరువాత సభలో లేచినట్టే గొంతు సవరించుకుని, "ఎదుటి పక్షం ఏమంటదంటే, బియ్యం లేకపోతే దేవుడు లేడు," అన్నారు.

"బియ్యం కాదు, భయం!"

"అదే, బియ్యం. బియ్యం లేకపోతే దేవుడే గాదు, పెండ్లాం గూడ ఉండది. ఇందుల నువ్వు కొత్తగ కనిపెట్టిందేంది?"

"భయం అన్నా! భయం! భయం!"

ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఆవిడ చేతిలో అట్లకాడతో పరుగెత్తుకొచ్చి మా గుమ్మంలో నిలబడింది. "ఏమైంది మేడమ్? ఎవరన్న వచ్చిన్రా లోపటికి?" అంది. మమ్మల్నిద్దరినీ, మా మోకాళ్ళనీ, నేల మీది స్పీకరునీ చూసింది. "దేవుడి గురించి మాట్లాడుకుంటున్నాం," అన్నాను. "అయితే మంచిదే," అని వెళ్ళిపోయింది.

ఇద్దరం పగలబడి నవ్వాం. తరువాత నేను ఆయన అరచేతిలో వేలితో 'భ' రాశాను. ఆయన చూసుకున్నారు. నవ్వు మెల్లగా పోయింది.

"భయమా," అన్నారు.

"అవును."

"భయం లేకపోతే దేవుడు లేడు. గిదేనా నువ్వన్నది?"

"అదే."

పూర్వపక్షం పూర్తయింది. ఇక ఆయన ఖండించాలి. ఎప్పుడూ అయితే శాస్త్రాల నుంచి నాలుగు మాటలు లాగేవారు. ఈసారి లాగలేదు. అరచెయ్యి అలాగే తెరిచి పెట్టుకుని, తన గొంతు ఎంత పెద్దగా ఉందో తనకే తెలియని మనిషిలా బిగ్గరగా చెప్పారు.

"భయమైతే ఉంది పంతులమ్మా. దవాఖానకు పోయిన. ఎడమది అయిపోయిందన్నరు. ఇది గూడ తగ్గుకుంట పోతున్నదంట. మిషన్‌కు గూడ అందదంట ఇగ. పొద్దుగాల గుళ్ళె గంట కొడితే నాకు చెయ్యి కదులుడే కనపడుతున్నది. ఇంట్ల ఎవలకు చెప్పలే. చెప్తే అందరు చెవుల ఒర్రుకుంట మాట్లాడతరు. దేవున్ని అడిగిన. ఆయన జవాబిస్తున్నడో లేదో, నాకు వినపడతలేదో, అది గూడ ఎరుకైతలేదు. నువ్వు చెప్పు. నీ తాన దేవుడు లేడు గదా. నీ అసొంటోళ్ళు గిట్లయినప్పుడు ఏం చేస్తరు?"

ఇది సభలో ఎవరూ నన్ను అడగని ప్రశ్న. ఈ మనిషి ఇన్నేళ్ళలో నన్ను నిజంగా తెలుసుకోవడానికి అడిగిన ప్రశ్న కూడా ఇదొక్కటే. నా దగ్గర గొంతు ఉంది. చెవి ఎలా పనిచేస్తుందో, ఎందుకు ఆగిపోతుందో చెప్పగలను. అది ఆయన అడగలేదు. నోరు తెరిచాను. నోరు మూసుకున్నాను.

ఆయన నా పెదాలు కదలడం చూశారు.

"ఏమన్నవ్?" అన్నారు.

నేనేమీ అనలేదు. ఆ సంగతి ఆయనకి తెలిసే దారి లేదు. తన చెవే అందుకోలేకపోయిందనుకుని, ఇంకాస్త ముందుకు జరిగి, కుడిచెవి నా నోటికి దగ్గరగా వంచి, మళ్ళీ చెప్తానేమోనని కళ్ళు మూసుకుని ఎదురుచూస్తూ కూర్చున్నారు.